వెలుతురు బయటికి కనబడుతోంది

సాయంత్రం నాలుగున్నరకి వాల్టర్‌కి రాత్రి భోజనం వచ్చింది. ఆయన్ని చేర్చిన వృద్ధుల కేర్ హోమ్‌లో రోజూ అదే వేళ. ట్రేలో మెత్తగా మెదిపిన బంగాళదుంప, ఉడికించిన బఠాణీలు, చిన్న గిన్నెలో వెనిలా పుడ్డింగ్. డిసెంబరు నెల కావడంతో బయట అప్పటికే చీకటి పడుతోంది. నేను పుడ్డింగ్ మూత తీసి చెంచా పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు జరిగింది రాయడానికి ముందు ఒక మాట చెప్పాలి. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, ఎప్పుడూ లేదు. చిన్నప్పుడు బాపట్లలో మా వీధి చివరి ఇంట్లో ఏదో ఉందని అందరూ అంటుంటే, అక్కడైతే ఎవరూ వచ్చి కదిలించరని ఆ ఇంటి అరుగు మీద కూర్చునే పుస్తకాలు చదువుకున్నాను. ఈ దేశం వచ్చాక ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేశాను. ఎవరైనా ఒక ఫలితం తెచ్చి చూపిస్తే, అది ఇంకెలా వచ్చి ఉండవచ్చో వెతకడం నా పని. రిటైరయ్యేదాకా అదే చేశాను. ఈ సంగతిలోనూ అదే చేశాను.

మేం ఇక్కడ స్థిరపడిన బాతెల్ ఊళ్లో వాల్టర్ మా పక్కింటాయన. మేం ఆ ఇల్లు కొనేనాటికే ఆయనకి ఎనభై దాటాయి. భార్య పోయింది. పిల్లలు లేరు. ఎత్తుగా, కొంచెం ముందుకి వంగి నడిచేవాడు. వాన పడినా గొడుగు వేసుకునేవాడు కాదు.

నా భార్య విమలకి సంధ్యవేళ దీపం పెట్టి వీధి తలుపు తెరిచి ఉంచే అలవాటు. ఆ వేళ లక్ష్మి వస్తుందని, తలుపు మూసి ఉంటే తిరిగి వెళ్లిపోతుందని వాళ్ల అమ్మ చెప్పింది. బాపట్లలో అది సులువైన పని. బాతెల్‌లో డిసెంబరు సాయంత్రం తలుపు బార్లా తెరిస్తే ఇంట్లో వేడంతా వీధి పాలవుతుంది. ఆ మాటే ఒకసారి అన్నాను. "లక్ష్మి వస్తుంటే హీటర్ బిల్లు చూసుకుంటామా?" అంది.

మేం చేరిన మొదటి చలికాలంలో ఒక సాయంత్రం వాల్టర్ వానలో తడుస్తూ మా మెట్లెక్కి వచ్చాడు. వేలి కణుపులతో తలుపు చట్రం మీద రెండుసార్లు తట్టాడు. "మీ వెలుతురు బయటికి కనబడుతోంది," అన్నాడు. ఇంకేమీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

విమల కంగారుపడింది. నూనె దీపం చూసి ఇల్లు అంటుకుంటుందని భయపడ్డాడేమో, కాలనీ వాళ్లకి ఫిర్యాదు చేస్తాడేమో అనుకున్నాం. మర్నాడు కొబ్బరి లౌజు చేసి, డబ్బాలో పెట్టుకుని ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. ఆయన మాకంటే ఎక్కువ ఇబ్బందిపడుతూ తలుపు తీశాడు. కాఫీ పెట్టాడు. చాలాసేపటికి అసలు సంగతి చెప్పాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన సరుకు ఓడల మీద డెక్ పనివాడు. ఇరవై ఏళ్లవాడు. లారీలు, డబ్బా మాంసం, బూట్లు వేసుకుని ఓడలు వరసలు కట్టి రష్యా ఉత్తరపు రేవులకి వెళ్లేవి. నార్వే పైనుంచి ఆర్కిటిక్ సముద్రంలో దారి. ఆ దారిలో జర్మన్ జలాంతర్గాములు కాపు వేసి ఉండేవి. వేసవిలో సూర్యుడు అస్తమించడు కాబట్టి దాక్కునే చీకటే లేదు. చలికాలంలో సూర్యుడు పైకి రాడు. మధ్యాహ్నం కాసేపు ఆకాశం బూడిదరంగుకి వస్తుంది, అంతే. రోజంతా సంధ్యవేళే అన్నమాట.

విమల అది విని, అయితే లక్ష్మి పొద్దస్తమానం తిరుగుతూనే ఉండాలి కదా అంది. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఆయన మొదటిసారి నవ్వాడు.

ఆ మసక వెలుతురే జలాంతర్గామికి అనువైన వేళ అని చెప్పాడు. అది నీటిమట్టానికి వచ్చి తేలుతుంది. నల్లటి నీళ్ల మీద నల్లగా ఉంటుంది. దానికి ఓడలు ఆకాశం ముందు నీడల్లా కనబడతాయి, ఓడలకి అది కనబడదు. అందుకని ఓడ మీద ఒక్క వెలుగురేఖ కూడా బయటికి పోకూడదు. గుండ్రటి కిటికీలకి ఇనుప మూతలు బిగించేవారు. తలుపుల వెనక దుప్పట్లు కట్టేవారు. లైటు ఆర్పి తలుపు తెరవాలి, తలుపు మూసి లైటు వెయ్యాలి.

వాల్టర్ పని, మసక పడే వేళకి డెక్ అంతా ఒకసారి తిరిగి చూడడం. ఎక్కడైనా తలుపు కింద వెలుగు కనబడితే రెండుసార్లు తట్టి ముందుకి పోవడం. ఆ గాలిలో అరిచినా వినబడదు. రెండుసార్లు తడితే లోపలివాళ్లకి అర్థమవుతుంది. "అందరూ నన్ను తిట్టుకునేవాళ్లు," అన్నాడు. "వంటవాడైతే నా పేరు మర్చిపోయి 'టక్ టక్' అనే పిలిచేవాడు."

ఒకరోజు ఆ వంటవాడి తలుపు కిందే సన్నటి గీతలా వెలుగు కనబడింది. వాల్టర్ దగ్గరికి వెళ్లాడు. తట్టడానికి చెయ్యి ఎత్తాడు. టార్పెడో తగిలింది.

తరవాతది ఆయన చాలా తక్కువ మాటల్లో చెప్పాడు. ఆ నీళ్లలో పడిన మనిషి నిమిషాల్లో పోతాడు. వెనక వచ్చే ఓడలు ఆగకూడదని ఉత్తర్వు, ఆగితే వాటికీ అదే గతి. ఒక చిన్న కాపలా ఓడ ఆయన్ని నీళ్లలోంచి పైకి లాగింది. వంటవాడు దొరకలేదు. దొరకనివాళ్లే ఎక్కువ.

తలుపు కింద గీతంత వెలుగు అంత దూరం నుంచి కనబడదని, ఆ జలాంతర్గామి మధ్యాహ్నం నుంచే పొగను చూసి వెంబడిస్తూ ఉండి ఉంటుందని తరవాత ఒక ఆఫీసరు ఆయనకి చెప్పాడట. "ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుంది," అన్నాడు వాల్టర్. "కానీ నేనింకా తట్టలేదు కదా."

మసక వేళ తెరిచిన తలుపులోంచి వెలుతురు కనబడితే ఇప్పటికీ కాళ్లు ఆగవని, నిన్న అందుకే వచ్చానని, క్షమించమని అడిగాడు. డబ్బా ఖాళీ చేసి, కడిగి మరీ ఇచ్చాడు.

మర్నాడు సాయంత్రం విమల హాల్లో లైటు ఆర్పింది. మెట్ల మీది లైటు ఆర్పింది. దీపాన్ని వీధిలోకి కనబడకుండా తలుపు పక్క గోడ మూలకి జరిపింది. అప్పుడు తలుపు తెరిచింది.

వాల్టర్ తన సాయంత్రపు నడక ముగించుకుని వస్తూ చీకటి గుమ్మం చూసి ఆగాడు. మెట్లెక్కి, చట్రం మీద రెండుసార్లు తట్టాడు. విమల తలుపు మూసి, హాల్లో లైటు వేసింది. ఎవరూ ఏమీ ఒప్పందం చేసుకోలేదు. ఆ రోజు నుంచి అదే పద్ధతి అయింది.

తొమ్మిది చలికాలాలు అలా గడిచాయి. వేసవిలో ఇక్కడ చీకటి పడేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, అప్పటికి వాల్టర్ నిద్రపోయేవాడు. కాబట్టి అది చలికాలపు పని. అక్టోబరు చివర ఆయన మొదటిసారి వచ్చి తట్టిన రోజున విమల ఆ రాత్రి చారు పెట్టేది, చలి మొదలైందని లెక్క.

కొన్నాళ్లకి మాటలు కూడా చేరాయి. తట్టే ముందు ఆయన, "మీ దేవతమ్మ ఓడెక్కిందా?" అని అడిగేవాడు. విమల తన ఇంగ్లీషులో, "ఎక్కింది, లంగరు తియ్యండి," అనేది. ఒక్కోరోజు, "ఇంకా రాలేదు, షాపింగ్‌లో ఉన్నట్టుంది," అనేది. అప్పుడాయన మెట్ల మీదే నిలబడి ఆగేవాడు. నేను లోపల కుర్చీలో పుస్తకం ఒళ్లో పెట్టుకుని చీకట్లో కూర్చునేవాణ్ణి, లైటు వేసేదాకా చదవడానికి లేదు కాబట్టి. చదువుకి అడ్డం వస్తున్నారని అప్పట్లో కాస్త విసుక్కునేవాణ్ణి. నా జీవితంలో బాగున్న వేళలు ఏవని ఇప్పుడెవరైనా అడిగితే ఆ చీకటి నిమిషాలే చెబుతాను.

తొంభై రెండో ఏట వాల్టర్ పడిపోయి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇంటికి తిరిగి రాలేదు. ఊరికి అవతల కేర్ హోమ్‌లో చేర్చారు. విమల ఉదయంపూట వెళ్లేది. నేను మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం వెళ్లి ఆయనకి పుస్తకాలు చదివి వినిపించేవాణ్ణి. సముద్రం మాట వచ్చే పుస్తకాలు వద్దనేవాడు. రైళ్ల గురించి చదవమనేవాడు.

నవంబరు నుంచి మాట్లాడడం తగ్గింది. నేను చెప్పబోయే రోజుకి ముందు వారంరోజులుగా ఆయన ఒక్క మాట కూడా అనలేదని నర్సు చెప్పింది. ఆ గదికి ఉన్న ఒకే కిటికీ కార్ల పార్కింగ్ వైపు ఉంటుంది. తెర వేసి ఉంది.

ఇప్పుడు మొదట రాసిన చోటికి వస్తాను. చెంచా నా చేతిలో ఉంది. వాల్టర్ కళ్లు తెరిచాడు. దుప్పటి కిందినుంచి చెయ్యి తీసి, మంచం పక్కనున్న ఇనుప కమ్మీ మీద వేలి కణుపులతో రెండుసార్లు తట్టాడు.

"వెలుతురు బయటికి కనబడుతోంది," అన్నాడు.

పాత రోజులు గుర్తొచ్చాయనుకున్నాను. అలాంటప్పుడు ఏం చెయ్యాలో అక్కడి నర్సులు మాకు చెప్పారు. కాదనకూడదు, నెమ్మదిపరచాలి. అన్ని తలుపులూ మూశామని, ఓడంతా చీకటిగానే ఉందని చెప్పాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ రెండుసార్లు తట్టాడు. ఈసారి గట్టిగా.

"ఓడ కాదు. మీ ఇల్లు. విమ్లా."

గొంతు స్పష్టంగా ఉంది. ఆయన విమల పేరు ఎప్పుడూ అలాగే పలికేవాడు.

విమలకి ఫోన్ చేశాను. చెబితే నవ్వుకుంటుందని చేశాను, భయపడి కాదు. ఎత్తలేదు. అందులోనూ వింత లేదు, దీపం వేళకి ఆమె ఫోన్ వంటింట్లో వదిలేస్తుంది. పెట్టేసి కూర్చున్నాను. వాల్టర్ నన్నే చూస్తున్నాడు. ఆ చూపుకి తట్టుకోలేక మా ఎదురింటి సింధుకి ఫోన్ చేశాను. సింధుది వరంగల్. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, ఆ అమ్మాయి ఇంటినుంచే పనిచేస్తుంది. ఒక ముసలాయన మంచం కమ్మీ తట్టాడు, వెళ్లి చూడమని చెప్పడానికి నాకు సిగ్గేసింది. మా గరాజ్ తలుపు తెరిచి వచ్చానేమో, కిటికీలోంచి ఒకసారి చూడమ్మా అని అబద్ధం చెప్పాను.

ఆఫీసు కాల్‌లో ఉన్నానంటూనే కిటికీ దగ్గరికి వెళ్లింది.

"గరాజ్ మూసే ఉంది అంకుల్," అంది. "కానీ మీ ఫ్రంట్ డోర్ తెరిచుంది. లోపల లైట్ వేసుంది, మెట్ల మీద దాంక వెలుతురు పడుతుంది. ఆంటీ లైట్ ఆఫ్ చేసి కదా డోర్ తెరుస్తరు? ఉండున్రి, పోయి చూస్త."

ఫోన్ పెట్టెయ్యకుండానే వెళ్లింది. వాన చప్పుడు, ఆమె అడుగులు వినబడ్డాయి. తరవాత, "ఆంటీ పడిపోయిన్రు అంకుల్. ఊపిరి ఆడుతుంది. నేను నైన్ వన్ వన్‌కి కాల్ చేస్తున్న. మీరు నెమ్మదిగ డ్రైవ్ చేయున్రి."

విమల గుమ్మంలో అడ్డంగా పడి ఉంది, సగం లోపల, సగం వానలో. బ్రెయిన్ స్ట్రోక్. ఎడమవైపు పడిపోయింది, మాట రావడం లేదు. ఇంకో గంట అలాగే ఉండి ఉంటే మాట్లాడడానికి ఏమీ ఉండేది కాదని ఆస్పత్రిలో డాక్టర్ నాతో అంది. నేను మామూలుగా వాల్టర్‌కి భోజనం పెట్టి, చదివి, ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేసరికి ఏడవుతుంది.

మూడు వారాలకి విమలకి మాట కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. ఆమె మొదట అడిగిన సంగతుల్లో ఇదొకటి: లైటు ఎవరు వేశారు? తను చూసేసరికే వేసి ఉందని సింధు చెప్పిందన్నాను. విమల తల ఊపింది. "నేను వెయ్యలేదు," అంది. లైట్లు ఆర్పిందట, తలుపు తెరిచిందట, వత్తి వెలిగించడానికి వంగబోతూ పడిపోయిందట. దీపం నిజంగానే వెలిగించి లేదు. అగ్గిపెట్టె చాప మీద దొరికింది.

ఇంకొకటి కూడా చెప్పింది. ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. పడి ఉన్నప్పుడు నిద్ర ముంచుకొచ్చినట్టయిందట. అప్పుడు చట్రం మీద రెండుసార్లు తట్టిన చప్పుడు వినబడిందట. "వాల్టర్ గారు అనుకున్నా. మూద్దామంటే చెయ్యి రాలేదు. మళ్లీ తట్టారు. ఈసారి గట్టిగా. అందుకని కళ్లు మూసుకోలేదు."

ఆయన రెండోసారి గట్టిగా తట్టిన సంగతి నేనప్పటికి ఆమెకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

నేను నా పని నేను చేశాను. పడేటప్పుడు ఆమె చెయ్యి స్విచ్‌కి తగిలి ఉండవచ్చు. స్విచ్ తలుపుకి కుడివైపు, భుజమెత్తున ఉంది. కాబట్టి అది కుదురుతుంది. మెదడుకి దెబ్బ తగిలినప్పుడు లేని చప్పుళ్లు వినబడతాయి, తొమ్మిదేళ్ల అలవాటున్న చప్పుడు వినబడడంలో ఆశ్చర్యం లేదు. మసక వేళకి వాల్టర్‌కి పాత పని గుర్తుకొచ్చి ఉండవచ్చు. కానీ ఆ గదిలో ఉన్న మూడు నెలల్లో ఆయన ఇంకే సాయంత్రమూ అలా తట్టలేదని నర్సులందరినీ అడిగి తెలుసుకున్నాను. విడివిడిగా ఒక్కోదానికీ ఒక కారణం చెప్పగలను. మూడూ ఒకే వేళకి ఎందుకు జరిగాయో చెప్పలేను.

ఆస్పత్రి నుంచి తీరిక దొరికిన మొదటి రోజున వాల్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన మళ్లీ మాట మానేశాడు. అయినా మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. తలుపు తెరిచే ఉందని, వెలుతురు వీధిలోకి పడిందని, అది చూసే ఎదురింటి అమ్మాయి పరిగెత్తిందని, చీకటిగా ఉండి ఉంటే ఎవరూ చూసేవాళ్లు కాదని, విమల బతికే ఉందని చెప్పాను.

ఆయన నిద్రపోయాడనుకుని లేవబోయాను.

"తరవాత తలుపు మూశారా?" అన్నాడు.

మూశామన్నాను. ఆయన సరేనన్నట్టు కళ్లు మూసుకున్నాడు. నేను విన్న ఆఖరి మాట అదే. జనవరిలో పోయాడు. అంత్యక్రియలకి మేం ఆరుగురం ఉన్నాం. విమల చక్రాల కుర్చీలో వచ్చి, కుడిచేత్తో పెట్టె మూత మీద రెండుసార్లు తట్టింది. అక్కడున్న పాస్టర్‌కి అదేమిటో అర్థం కాలేదు.

ఆ తరవాత విమల ఆరేళ్లు బతికింది. మాట నెమ్మదించింది గాని వేళాకోళం పోలేదు. సాయంత్రం దీపం నేను వెలిగించేవాణ్ణి, తలుపు నేనే తెరిచేవాణ్ణి. ఎప్పుడు మూయాలో ఆమె చెప్పేది, కుర్చీ చేతి మీద రెండుసార్లు తట్టి. వత్తి నేను సరిగ్గా చెయ్యడం లేదని రోజూ అనేది. లైటు గురించి ఒకే ఒక్కసారి మాట్లాడుకున్నాం. వెలుతురు వల్ల మనుషులు పోయారని వాల్టర్ అన్నేళ్లు బాధపడ్డాడు కదా అన్నాను. "పోన్లెండి," అంది. "ఈసారి ముందే తట్టారుగా."

ఆమెకి అందులో అడగాల్సిందేమీ లేదు. నాకింకా ఉంది.

విమల పోయి ఈ మార్చికి ఏడాది. వాల్టర్ ఇంట్లో ఇప్పుడు చిన్నపిల్లలున్న ఒక కుటుంబం ఉంటోంది. సాయంత్రాలు ఆ ఇంటి కిటికీలన్నీ వెలుగుతూ ఉంటాయి. నాకు అది బాగుంటుంది. స్విచ్ దగ్గర నిలబడి, పడబోయే మనిషి చెయ్యి ఎక్కడ తగులుతుందో ఇప్పటికీ అప్పుడప్పుడు కొలుస్తుంటాను. ఒక్కోసారి తగులుతుంది, ఒక్కోసారి తగలదు.

సంధ్యవేళ దీపం పెడుతున్నాను, నాకు చేతనైనట్టు. ఎప్పుడు మూయాలో తట్టి చెప్పేవాళ్లు లేక, వీధి తలుపు తెరవడం మానేశాను.